బజానా ఇచ్చే ముందు

పోయిన నెల ఒక సాయంత్రం టీ తాగి అరుగు మీద కూచుని ఉన్నాను. మా పాత మిల్లు స్నేహితుడి భార్య వచ్చింది. ఆయన పోయి రెండేళ్ళయింది. చేతిలో బ్యాంకు పుస్తకం, కళ్ళలో కంగారు. "అన్నయ్యా, ఇల్లు ఒకటి చూశాను. బ్రోకరు గారు రేపు పొద్దున్నే రెండు లక్షలు బజానా ఇవ్వమంటున్నారు. ఇంకో పార్టీ వస్తోందంట, ఆలస్యమైతే చెయ్యి జారిపోద్దంట" అంది.

"కాగితాలు చూశావా అమ్మా?" అన్నాను.

"జిరాక్సులు చూపించాడు. నాకేం తెలుస్తాయి? ఆయన చాలా మంచోడులా ఉన్నాడు, నన్ను అమ్మా అమ్మా అంటున్నాడు."

ఆ డబ్బు మావాడి పీఎఫ్ డబ్బు, గ్రాట్యుటీ డబ్బు. ముప్పై ఏళ్ళు దూదిపొట్టు పీల్చి సంపాదించింది. అందుకే ఈ నెల ఆరోగ్యం గురించి రాద్దామనుకున్నది పక్కన పెట్టి, ఇళ్ళ బ్రోకర్ల గురించి రాస్తున్నాను. నేను ఐదో తరగతి వరకే చదివాను. వకీలుని కాను. నాకు తగిలిన దెబ్బలూ, తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకున్నవీ చెప్తాను, అంతే.

ముందు నా సంగతి. పుదుచ్చేరిలో మిల్లు పని అయిపోయాక, వచ్చిన డబ్బు మూట కట్టుకుని నేనూ మా ఆవిడా సొంత ఊరు యానాం వచ్చేశాం. అద్దె ఇంట్లో దిగాం. నెల తిరక్కుండానే టీ కొట్టు దగ్గర ఒకాయన పరిచయం అయ్యాడు. మోటారు సైకిలు, రెండు ఫోన్లు, చొక్కా జేబులో పెన్ను. నాకు డబ్బు వచ్చిందని ఆయనకి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు. నదికి దగ్గరలో ఒక పెంకుటిల్లు చూపించాడు. మాఘమాసం, నేల పొడిగా ఉంది, గాలి హాయిగా వస్తోంది. మా ఆవిడకి పెరట్లో కొబ్బరి చెట్టు నచ్చింది. నాకు ధర నచ్చింది. 50,000 నగదు బజానాగా ఇచ్చాను. ఎవరికి ఇచ్చాను? బ్రోకరుకి. అమ్మేవాడి మొహం అప్పటికి ఒక్కసారే చూశాను. రసీదు అడిగితే చిన్న చీటీ మీద అంకె వేసి సంతకం గీశాడు. ఏ ఇంటికో, ఎవరి తరఫునో ఆ చీటీలో లేదు.

రిజిస్ట్రేషను దగ్గరకి వచ్చేసరికి తెలిసింది, ఆ ఇల్లు అమ్మేవాడి తండ్రిది. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు, ఒకరు కాకినాడలో, ఒకరు ఎక్కడో దూరాన. వాళ్ళు సంతకం పెట్టం అన్నారు. తప్పు వాళ్ళది కాదు. తండ్రి సొంత సంపాదనలో కొడుకుతో పాటు కూతుళ్ళకీ, తల్లికీ వాటా ఉందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్తోంది. పిత్రార్జితంలో కూడా కూతురు కొడుకుతో సమానం అని 2005లో దాన్ని సవరించారు. ఈ సంగతి బ్రోకరుకి ముందే తెలుసు. "ఆడపిల్లలే గదా, చీర పెడితే సంతకం పెడతారు అనుకున్నాం" అన్నాడు నాతోనే.

బేరం పోయింది. నా యాభై వేలు? అమ్మేవాడు బ్రోకరు దగ్గరుందన్నాడు. బ్రోకరు అమ్మేవాడికి ఇచ్చేశానన్నాడు. పెద్ద మనుషుల్ని పెట్టి తిరగ్గా తిరగ్గా పదకొండు నెలలకి ముప్పై వేలు వచ్చింది. ఇరవై వేలు గోదాట్లో కలిసింది. ఆ రోజు మా ఆవిడ ఒక్క మాటే అంది: "దారం తెగితే అతికేవాడివి గదా, దీన్ని అతుకు చూద్దాం."

మిల్లులో ఉన్నవాళ్ళకి ఒక విషయం గుర్తు చేస్తాను. కోను పైపైన చూసి కౌంటు చెప్పేవాళ్ళమా? చెప్పం. 120 గజాలు విప్పి, ఒక లీ చుట్టి, తూకం వేసి అప్పుడు చెప్పేవాళ్ళం. పైన నున్నగా ఉన్న కోను లోపల అతుకులు అతుకులుగా ఉండొచ్చు. ముప్పై ఏళ్ళు ఆ పని చేసినవాణ్ణి, ఇల్లు కొనేటప్పుడు మాత్రం కోను పైనే చూసి డబ్బిచ్చాను.

తర్వాత నాకు దొరికిన రెండో బ్రోకరు ముసలాయన. సైకిలు మీద తిరిగేవాడు. మొదటి రోజే నన్ను కూచోబెట్టి ఇలా అన్నాడు: "చూడు తమ్ముడూ, నీ దగ్గర ఒక శాతం తీసుకుంటాను. అమ్మేవాడు కూడా నాకిస్తాడు. ధర ఎక్కువైతే నాకు రెండు వైపులా లాభమే. ఆ సంగతి బుర్రలో పెట్టుకుని నా మాటలు విను." ఇంతకన్నా నిజం ఏ బ్రోకరూ నాకు చెప్పలేదు. మనం ఎక్కడ పొరపడతామంటే, మనకి ఇల్లు చూపిస్తున్నాడు కాబట్టి మన మనిషి అనుకుంటాం. అతను బేరం తెగితే బతికే మనిషి. బేరం తెగకపోతే అతనికి పెట్రోలు ఖర్చు కూడా రాదు. అందుకని అందరూ దొంగలు అనను. ఊరు తెలిసినవాడు, ఏ ఇంట్లో అన్నదమ్ముల గొడవ ఉందో తెలిసినవాడు మనకి కావాలి. కానీ "ఇల్లు మంచిదేనా?" అని అతన్ని అడగడం, జాకెట్టు బాగుందా అని కుట్టినవాణ్ణే అడగడం లాంటిది.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. వాడు చెప్పాడు, అక్కడ కూడా ఇదే తగువంట. చాలా కాలం కొనేవాడి ఏజెంటుకి కూడా కమీషను అమ్మేవాడి సొమ్ములోంచే వెళ్ళేదంట. దాని మీద కోర్టులో వ్యాజ్యాలు నడిచి, 2024 ఆగస్టు నుంచి చాలా చోట్ల, ఏజెంటు ఇల్లు చూపించే ముందే కొనేవాడితో కాగితం రాసుకోవాలని పెట్టారంట, నీకు ఎంత ఇస్తాను, ఎలా ఇస్తాను అని. అంత పెద్ద దేశంలో ఇప్పుడు రాసుకుంటున్నారు, మనం కూడా ఒక తెల్ల కాగితం మీద రాసుకుంటే పోయేదేముంది? నేను ముసలాయనతో రాసుకున్నాను. శాతం ఎంత, సగం అగ్రిమెంటు రోజున, సగం రిజిస్ట్రేషను అయ్యాక. కాగితాల్లో లోపం వల్ల బేరం చెడితే నేను ఏమీ ఇవ్వక్కర్లేదు. బజానా అతని చేతికి ఇవ్వను. ఈ ఆఖరి మాటకి చాలామంది బ్రోకర్లు మొహం మాడుస్తారు. మాడ్చనివ్వండి.

బజానా అమ్మేవాడి బ్యాంకు ఖాతాలోకే వెయ్యాలి, చెక్కు గానీ ఆన్‌లైను గానీ. ఇది నా ముచ్చట కాదు. స్థలం, ఇల్లు బేరంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టమే అంటోంది, 2015 నుంచి. తీసుకున్నవాడికి అంత సొమ్మూ జరిమానా పడొచ్చు. ఎవరైనా "నగదు అయితేనే" అని పట్టుబడితే ఈ మాట మెల్లగా చెప్పండి. చెప్పిన తర్వాత అతని మాట తీరు మారుతుంది, గమనించండి.

ఇంకొకటి, అమ్మేవాణ్ణి మీరు సొంతంగా కలవాలి. బ్రోకరు లేకుండా ఒక్కసారైనా. అమ్మేవాడు 18 లక్షలు చెప్తే మనకి 20 అని చెప్పి మధ్యలో రెండు నొక్కేసేవాళ్ళు ఉన్నారు. దాన్ని "పైన వేసుకోవడం" అంటారు వాళ్ళ భాషలో. కమీషను వేరే.

ఇప్పుడు యానాం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన చుట్టూ ఆంధ్రా. వీధి దాటితే వేరే రాష్ట్రం. బ్రోకరు "యానాం ఆనుకునే ఉందండి" అంటే ఆ స్థలం యానాంలో లేదని అర్థం. తాళ్ళరేవు మండలంలో ఉంటే అది ఆంధ్రా భూమి, కాకినాడ జిల్లా లెక్క. ఈసీ ఆంధ్రా ఆఫీసులో తియ్యాలి. అక్కడ ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డీ పట్టా భూములు అమ్మడానికి వీల్లేదని 1977 నాటి చట్టం ఉంది. తర్వాత కొన్ని సడలింపులు వచ్చాయి, అవి మన స్థలానికి వర్తిస్తాయో లేదో రెవెన్యూ ఆఫీసులో అడిగే తెలుసుకోవాలి గానీ బ్రోకరు నోటి మాట మీద కాదు. యానాంలో కూడా గవర్నమెంటు ఇచ్చిన ఇళ్ళ పట్టాలకి షరతులు ఉంటాయి. పట్టా వెనక పేజీ కూడా చదివించుకోండి.

మన రికార్డుల్లో కొలత కూడా తిరకాసే. బజార్లో సెంటు, గజం అంటాం. పుదుచ్చేరి కాగితాల్లో హెక్టారు, ఆరు, సెంటియారు అని ఉంటుంది, ఫ్రెంచి వాళ్ళు వదిలిపెట్టి వెళ్ళిన కొలత. ఒక ఆరు అంటే 100 చదరపు మీటర్లు, దగ్గర దగ్గర 120 గజాలు, సుమారు రెండున్నర సెంట్లు. సెంటియారు అంటే ఒక్క చదరపు మీటరు. సెంటుకీ సెంటియారుకీ పేరులోనే పోలిక. ఒక సెంటు 40 సెంటియార్ల పైమాటే. మేం మెట్టకూరులో చూసిన ఇల్లు అమ్మేవాడు 3 సెంట్లు అన్నాడు. మూడు సెంట్లంటే 1 ఆరు 21 సెంటియార్లు ఉండాలి. కాగితంలో 1 ఆరు 02 అని ఉంది. అంటే రెండున్నర సెంట్లు. ఈ లెక్క నాకు రాదు, ముసలాయనే టేపు పట్టించి చెప్పాడు. సెంటు నాలుగు లక్షల లెక్కన దగ్గర దగ్గర రెండు లక్షల తేడా. బేరమాడితే లక్షన్నర తగ్గించాడు. అదే ఇంట్లో ఇప్పుడు కూచుని రాస్తున్నాను.

కొన్ని పాత ఇళ్ళకి ఫ్రెంచి భాషలో రాసిన దస్తావేజులు ఉంటాయి. అక్షరం ముక్క అర్థం కాదు. ఆ కుటుంబం ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి వెళ్ళిన కుటుంబం అయితే వారసుల లెక్క కూడా వేరేగా ఉంటుంది. అలాంటి ఇల్లయితే వకీలు ఖర్చు పెట్టుకోక తప్పదు. ఇరవై లక్షల ఇంటికి నాలుగైదు వేలు వకీలుకి ఇవ్వడానికి మనం గింజుకుంటాం, బ్రోకరుకి ఇరవై వేలు నవ్వుతూ ఇస్తాం.

ఈసీ అన్నాను గదా. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెడితే ఇన్నేళ్ళలో ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు అన్నీ రాసి ఇస్తారు. పుదుచ్చేరిలో తమిళంలో దీన్ని విల్లంగం అంటారు. ముప్పై ఏళ్ళకి తియ్యండి. బ్రోకరు తెచ్చిన ఈసీ కాదు, మీరు పెట్టిన దరఖాస్తుకి వచ్చిన ఈసీ. అందులో కూడా అన్నీ రావు. రిజిస్టరు కాని అగ్రిమెంటు, ఇంట్లో దాచిన వీలునామా, కోర్టులో నడిచే దావా అందులో కనపడకపోవచ్చు. అందుకే ఒరిజినల్ దస్తావేజు కళ్ళతో చూడాలి. జిరాక్సే చూపిస్తున్నాడంటే ఒరిజినల్ ఎక్కడో తాకట్టులో ఉందేమో అని అనుమానపడండి. అడిగితే తప్పులేదు.

"రిజిస్ట్రేషను ఎందుకండీ, అగ్రిమెంటు, పవరు రాసుకుంటే చాలు, ఖర్చు మిగులుద్ది" అనేవాళ్ళు కూడా ఉన్నారు. మాలో ఒకతను అలా పవరు పట్టాతో పదేళ్ళు ఉన్నాడు. అగ్రిమెంటు, జనరల్ పవరు రాయించుకున్నంత మాత్రాన ఇల్లు మనది అయిపోదు అని 2011లో సుప్రీం కోర్టు గట్టిగా చెప్పింది. వంద రూపాయల పైన ఇల్లు గానీ స్థలం గానీ కొంటే రిజిస్టరు చెయ్యాలన్నది 1908 నాటి చట్టం.

కొత్త లేఅవుట్ల ప్లాట్లు, అపార్ట్‌మెంట్లు వేరే సంగతి. వాటికి రేరా అని 2016లో చట్టం వచ్చింది, 2017 మే నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటు అయినా, అంటే పన్నెండు సెంట్ల పైన, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంటు అయినా అమ్మకానికి పెట్టే ముందు రిజిస్టరు చెయ్యాలి. అవి అమ్మిపెట్టే ఏజెంటు కూడా రిజిస్టరు చేసుకుని నంబరు తీసుకోవాలి. నంబరు లేకుండా అమ్మిపెడితే రోజుకి 10,000 జరిమానా. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు రాయకుండా ధరలో పదో వంతు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఆ రంగు రంగుల కాగితం మీ చేతిలో పెట్టగానే "రేరా నంబరు ఏది బాబూ?" అని అడగండి. మన వీధిలో పాత ఇల్లు చూపించే బ్రోకరుకి మాత్రం ఈ చట్టం అక్కరకి రాదు. అక్కడ మన జాగ్రత్తే మనకి రేరా.

అసలు విషయం ఒకటి మర్చిపోయాను. నీళ్ళు. నేను బజానా పోగొట్టుకున్న ఆ పెంకుటిల్లు ఉంది గదా, 2022 జూలైలో గోదారి వచ్చినప్పుడు చూడ్డానికి వెళ్ళాను. ధవళేశ్వరం దగ్గర 17.75 లక్షల క్యూసెక్కులకే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ ఏడు 25 లక్షలు దాటింది. 1986లో 35 లక్షలు దాటిందని మా పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్తారు. ఆ పెంకుటింట్లో కిటికీ దాకా నీళ్ళు. మాఘమాసంలో హాయిగా వచ్చిన గాలి ఆ నది మీదదే. ఇరవై వేలు పోయినా నయమే అయిందని ఆ రోజు మొదటిసారి అనుకున్నాను. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ అనుకోదు.

ఆషాఢంలో మనవాళ్ళు ఇల్లు కొనరు, ముహూర్తాలు ఉండవని. బ్రోకర్లు కూడా ఖాళీగా ఉంటారు. నా మాట విని ఆషాఢంలోనే ఇళ్ళు చూడండి. కొనక్కర్లేదు, చూడండి. వీధిలో మోకాటి లోతు నీళ్ళుంటే తెలిసిపోద్ది. గోడ మీద పాత నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడండి. కొత్తగా సున్నం కొట్టి ఉంటే పక్కింటి గోడ చూడండి, పక్కింటివాడు అమ్మకానికి పెట్టలేదు గదా. మెట్టకూరు పేరులో మెట్ట ఉంది గానీ అన్ని సందులూ మెట్ట కావు. నది ఒడ్డున, మడ అడవుల వైపు స్థలమైతే తీర ప్రాంత నిబంధనలు కూడా అడ్డొస్తాయి, ఇల్లు కట్టుకోడానికి అనుమతి వస్తుందో రాదో మునిసిపాలిటీలో ముందే కనుక్కోవాలి.

ఇంక చెల్లెమ్మ సంగతి. మర్నాడు పొద్దున్న ఆమెతో పాటు నేనూ వెళ్ళాను. బ్రోకరుతో చెప్పాను, "రెండు లక్షలూ ఇస్తాం బాబూ, ఈసీ రానివ్వు, అమ్మేవాళ్ళు అందరూ వచ్చి అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టనివ్వు, డబ్బు వాళ్ళ ఖాతాలో వేస్తాం" అని. "మీరెవరండీ మధ్యలో?" అన్నాడు. "వాళ్ళ అన్నయ్యని" అన్నాను. ఇంకో పార్టీ మధ్యాహ్నం వస్తోందన్నాడు. వస్తే ఇచ్చేసుకోమన్నాను. చెల్లెమ్మ మొహం పాలిపోయింది, ఇల్లు పోయినట్టే అనుకుంది. దారంతా నాతో మాట్లాడలేదు.

ఆ పార్టీ ఆ మధ్యాహ్నమూ రాలేదు, ఆ వారమూ రాలేదు. మేం దరఖాస్తు పెట్టిన ఈసీ వచ్చింది. అందులో ఆరేళ్ళ కిందటి తనఖా ఒకటి ఉంది, విడుదల అయినట్టు లేదు. అమ్మేవాణ్ణి అడిగితే అప్పు ఎప్పుడో కట్టేశానంటాడు. నిజమే కావచ్చు. కట్టేసి విడుదల కాగితం రిజిస్టరు చేయించుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ ఖర్చు ఎందుకులే అని. అయితే చేయించుకుని రమ్మన్నాం. బ్రోకరు మాత్రం ముందు బజానా ఇస్తే దాంతోనే ఆ పని చేయిస్తానన్నాడు. చెల్లెమ్మే చెప్పింది ఈసారి, నేను నోరు తెరవలేదు: "కాగితం ముందు, డబ్బు తర్వాత."

సోమవారం తెస్తామన్నారు. రెండు సోమవారాలు అయ్యాయి. నేనిది రాసి పంపించే రోజుకి కాగితం రాలేదు. చెల్లెమ్మ ఇంకా అద్దె ఇంట్లోనే ఉంది, రెండు లక్షలు బ్యాంకులోనే ఉన్నాయి. నిన్న సాయంత్రం వచ్చి, ఆషాఢం ఎప్పుడొస్తుందని మా ఆవిణ్ణి అడిగి వెళ్ళింది.